రూపమే బలం: బార్సిలోనా సాంతా మారియా దెల్ మార్ చర్చి నిర్మాణ శాస్త్రం

స్పెయిన్‌లోని బార్సిలోనా పాత నగరంలో రిబేరా అనే పేట ఉంది. 14వ శతాబ్దంలో అది సముద్రపు ఒడ్డును ఆనుకుని ఉండేది. ఓడల యజమానులు, వర్తకులు, చేతివృత్తులవారు, రేవు హమాలీలు అక్కడ కాపురం ఉండేవారు. ఆ పేట నడిబొడ్డున నిలిచిన చర్చి పేరు సాంతా మారియా దెల్ మార్, అంటే సముద్రపు మరియమాత ఆలయం. ఇది మేత్రాణుల (బిషప్పుల) పీఠం ఉన్న కెథడ్రల్ కాదు. ఒక పేట ప్రజలు తమ పూజల కోసం కట్టుకున్న పారిష్ చర్చి. తెలుగు కతోలికుల మాటలో చెప్పాలంటే విచారణ దేవాలయం. అయినా మధ్యయుగపు రాతి నిర్మాణ విజ్ఞానం ఎంత ఎత్తుకు ఎదిగిందో తెలుసుకోవాలనుకునే ఇంజనీరు తప్పక చదవవలసిన కట్టడం ఇదే.

దీని నిర్మాణం 1329లో మొదలై 1383లో కప్పు మూతపడటంతో ముగిసింది. అదే నగరంలోని కెథడ్రల్ పని 1298లో మొదలైంది. దాని ముఖభాగం పూర్తయ్యేసరికి 19వ శతాబ్దం చివరికి వచ్చింది. శతాబ్దాల తరబడి సాగిన పనిలో ఒక తరం ఊహ మీద మరో తరం ఊహ పేరుకుంటుంది. సాంతా మారియాలో అలా జరగలేదు. ఒకే ఆలోచన పునాది నుంచి కప్పు దాకా చెక్కుచెదరకుండా సాగింది. ఆ ఆలోచనను ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: రాతి కట్టడాన్ని నిలిపేది రాయి గట్టితనం కన్నా ముందు దాని రూపం. ఈ సూత్రాన్ని గణితంగా చెప్పగలగడానికి మనిషికి మరో మూడు శతాబ్దాలు పైగా పట్టింది. రిబేరా మేస్త్రీలు దాన్ని అంతకు ముందే రాతిలో నిరూపించి చూపారు.

కట్టినవారు

చర్చి పక్క ద్వారం దగ్గర రెండు శాసనాలు ఉన్నాయి. ఒకటి లాటిన్‌లో, మరొకటి కటలాన్ భాషలో. 1329 మార్చి 25న, సార్డీనియాను జయించిన ఆరగాన్ రాజు అల్ఫోన్సో పాలనలో ఈ పని మొదలైందని అవి చెబుతాయి. ఆ విజయం వెనుక కటలాన్ ఓడలున్నాయి, ఆ ఓడల వెనుక రిబేరా పేట సంపద ఉంది. మధ్యధరా వాణిజ్యం విస్తరిస్తున్నకొద్దీ పేట జనాభా పెరిగింది, పాత చిన్న చర్చి చాలకుండా పోయింది. ఆర్చ్‌డీకన్ బెర్నాత్ ల్యుల్ కొత్త ఆలయానికి పూనుకున్నారు. బెరెంగేర్ ద మొంతగుట్, రమోన్ దెస్పుచ్ అనే ఇద్దరు మేస్త్రీలకు పని అప్పగించారు. ఈ నిర్మాణం పూర్తిగా విచారణ ప్రజలదే కావాలని మొదట్లోనే నిశ్చయమైంది. డబ్బున్నవారు డబ్బు ఇచ్చారు, లేనివారు ఒళ్లు వంచి శ్రమ ఇచ్చారు.

ఆ శ్రమకు గుర్తుగా నిలిచినవారు రేవు హమాలీలు. కటలాన్ భాషలో వారిని బస్తాషులు అంటారు. ఓడల నుంచి సరుకు దించడం వారి బతుకుదెరువు. నగరానికి నైరుతి దిక్కున సముద్రం పక్కనే ఉన్న మొంజుయిక్ కొండ క్వారీలో తొలిచిన రాళ్లను వారు వీపుల మీద మోసుకుని నిర్మాణస్థలానికి చేర్చారు. మధ్యయుగపు యూరప్‌లో దాతలైన రాజులకు, ప్రభువులకు దేవాలయాల మీద బొమ్మలు చెక్కడం మామూలు. ఇక్కడ మాత్రం ప్రధాన ద్వారపు తలుపుల మీద రాతి బరువుకు నడుము వంగిన హమాలీల కంచు బొమ్మలు కనిపిస్తాయి. సమాజం తన కూలీకి ఇచ్చిన ఇంతటి గౌరవం అరుదైనది. ఈ కట్టడం గురించి మాట్లాడేవారు ఎవరైనా ముందుగా తలవవలసింది వారినే.

ఆ యాభై ఏళ్లు సుఖంగా గడవలేదు. 1333లో బార్సిలోనా ఉన్న కటలోనియా ప్రాంతమంతటా కరువు. 1348లో ప్లేగు నగరాన్ని ఊడ్చేసింది. అయినా 1350 నాటికి చుట్టుగోడలు, పక్క ప్రార్థనామందిరాలు లేచాయి. 1379లో పరంజాకు నిప్పంటుకుని కట్టిన రాయి కూడా కొంత దెబ్బతింది. బాగుచేసి ముందుకు సాగారు. 1383 నవంబరు 3న కప్పులోని చివరి కీలక రాయిని అమర్చారు. 1384 ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగనాడు, తొలి దివ్యబలి పూజ జరిగింది.

రాయి

మొంజుయిక్ రాయి ఇసుకరాయి. మయోసీన్ యుగంలో, కోటి సంవత్సరాలకు పూర్వం, నది తెచ్చిన ఇసుక సముద్రపు అంచున మేటలు వేసి గట్టిపడగా ఏర్పడింది. ఇసుకరాళ్లన్నీ ఒక్కలాంటివి కావు. ఇసుక రేణువులను అతికించిన పదార్థమేమిటన్న దాని మీద రాయి నాణ్యత ఆధారపడుతుంది. బంకమన్ను అతికించిన రాయి నీరు తగిలితే మెత్తబడుతుంది. సున్నం అతికించిన రాయిని ఆమ్లం తినేస్తుంది. మొంజుయిక్ మేలిరకం రాయిలో రేణువులను అతికించింది సిలికా. అంటే ఇసుక ఏ పదార్థమో దాన్ని పట్టి ఉంచిన జిగురు కూడా ఆ పదార్థమే. అందుకే అది ఉప్పుగాలికి, వానకు తట్టుకుంటుంది. రోమన్ల కాలం నుంచి 20వ శతాబ్దం దాకా బార్సిలోనా నగరం ఈ కొండనే తవ్వుకుని పెరిగింది.

ఇక రాయి బలం విషయం. ఏ రాయినైనా నొక్కితే చాలా బరువు ఓర్చుకుంటుంది, లాగితే సులువుగా తెగుతుంది. మొదటిది సంపీడనం, రెండోది తన్యత. రాళ్ల మధ్య పూసిన సున్నపు గచ్చు తన్యతను అసలే ఓర్చుకోదని లెక్క వేసుకోవడమే క్షేమం. కాబట్టి రాతి కట్టడమంటే ఒకదాన్నొకటి నొక్కుకుంటూ నిలిచిన రాళ్ల వరుస. అందులో ప్రతి రాయి నొక్కుడులోనే ఉండాలి. ఎక్కడ లాగుడు మొదలైతే అక్కడ కీలు విచ్చుకుంటుంది.

ఆ నొక్కుడుకు రాయి ఎంతవరకు ఆగుతుంది? చదరపు సెంటీమీటరుకు 400 కిలోల నొక్కుడు తట్టుకునే ఇసుకరాయిని తీసుకుందాం. ఘనమీటరు బరువు 2.4 టన్నులు అనుకుందాం. ఆ రాయితో నిటారుగా ఒక స్తంభం పేర్చుకుంటూ పోతే, తన బరువుకు తానే అడుగున నలగడం మొదలయ్యేసరికి దాని ఎత్తు 1,600 మీటర్లు దాటుతుంది. సాంతా మారియా లోపలి ఎత్తు అందులో యాభయ్యో వంతు మాత్రమే. అంటే ఇలాంటి కట్టడాల్లో రాయి నలిగి కూలిపోయే ప్రమాదం చాలా దూరాన ఉంటుంది. మొనదేలిన కమానులతో కట్టే గోతిక్ శైలి కట్టడం కూలితే, ఎక్కువగా దాని ఆకారం తప్పినందువల్లే కూలుతుంది.

కమాను పెట్టే చిక్కు

నిటారు స్తంభానికి బరువు కిందికే దిగుతుంది. కమానుకు అలా కాదు. రెండు వైపుల నుంచి వంగి వచ్చిన రాళ్లు నడిమధ్యన ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలుస్తాయి. ఆ ఒరిపిడి పాదాల దగ్గరికి వచ్చేసరికి బయటికి తోసే బలంగా మారుతుంది. ఈ పక్కతోపును పట్టి ఆపేదేదీ లేకపోతే పాదాలు జరుగుతాయి, కమాను చదునవుతుంది, చివరికి నేలకూలుతుంది. రాతి కప్పు వేయాలనుకున్న ప్రతి మేస్త్రీ ఎదుర్కొన్న అసలు సమస్య ఇదే. బరువు మోయడం తేలిక. తోపును ఆపడం కష్టం.

తోపు ఎంత ఉంటుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది. కమాను మోసే బరువు పెరిగితే తోపు పెరుగుతుంది. బరువు సమంగా పరచుకున్నప్పుడు వెడల్పు రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. కమాను ఎత్తు రెట్టింపైతే తోపు సగానికి తగ్గుతుంది. గోతిక్ మేస్త్రీలు మొనదేలిన కమానును ఎంచుకోవడం వెనుక ఉన్న బలమైన కారణం ఈ మూడో సంగతి. అర్ధవృత్తంలో వెడల్పును బట్టి ఎత్తు ముందే స్థిరపడిపోతుంది. మొనకమానులో ఎత్తు మేస్త్రీ చేతిలో ఉంటుంది. ఎత్తు పెంచి తోపు తగ్గించుకోవచ్చు. వేర్వేరు వెడల్పుల కమానులను ఒకే ఎత్తుకు తీసుకురావచ్చు.

ఈ బలాల దారిని మొదటగా సూత్రీకరించినవాడు ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్. రెండు కొసలు పట్టి గొలుసును వేలాడదీస్తే, అది లాగుడు మాత్రమే ఉన్న ఒక వంపును తీసుకుంటుంది. ఆ వంపును తలకిందులు చేస్తే నొక్కుడు మాత్రమే ఉన్న కమాను వస్తుంది. 1675లో హుక్ ఈ సంగతిని అక్షరాలు తారుమారు చేసిన మారుమాటగా ప్రకటించాడు. దాని అర్థం ఆయన మరణానంతరమే లోకానికి తెలిసింది. 1748లో ఇటలీ పండితుడు జొవాన్ని పొలేని రోమ్‌లోని సెయింట్ పీటర్స్ గుమ్మటంలోని పగుళ్లను పరిశీలించడానికి ఇదే గొలుసు పద్ధతిని వాడాడు. బార్సిలోనా వాస్తుశిల్పి ఆంటొని గౌడీ గ్వెల్ కాలనీ చర్చి కోసం దారాలకు బరువు సంచులు కట్టి వేలాడదీసిన నమూనా మీద ఏళ్ల తరబడి పనిచేశాడు.

కట్టడంలో బలం పయనించే ఈ తలకిందులైన గొలుసు దారిని ఒత్తిడి రేఖ అంటారు. అది రాతి మందం లోపలే ఉన్నంతవరకు కమాను నిలుస్తుంది. అంచుకు తగిలిన చోట కీలు విచ్చుకుంటుంది. ఇక సాంతా మారియా మేస్త్రీలు ఈ రేఖకు ఎలాంటి దారి వేశారో చూద్దాం.

పదమూడు మీటర్ల ధైర్యం

చర్చి లోపల మూడు నడవలు ఉన్నాయి. నడుమ వెడల్పాటిది, రెండు పక్కలా సన్ననివి. సిలువ ఆకారం కోసం చాలా చర్చిల్లో కట్టే అడ్డ నడవ ఇక్కడ లేదు. ఎనిమిది పలకల స్తంభాలు నాలుగు అంకణాలుగా సాగి, బలిపీఠం దగ్గర అర్ధవలయంగా తిరుగుతాయి. మధ్య నడవ వెడల్పు సుమారు 13 మీటర్లు. ఒకే వరుసలోని స్తంభాల మధ్య దూరం కూడా సుమారు 13 మీటర్లే. కాబట్టి నడిమి అంకణం ప్రతిదీ చదరమే. పక్క నడవ వెడల్పు అందులో సగం. మూడింటినీ కలిపితే సుమారు 26 మీటర్లు. పక్క నడవల ఎత్తు కూడా దాదాపు అంతే. మధ్య నడవ ఎత్తు 32 మీటర్లకు పైన, అంటే పక్క నడవల కన్నా వాటి వెడల్పు అంత ఎక్కువ. వెడల్పు, పొడవు, ఎత్తు అన్నీ ఒకే కొలత నుంచి పుట్టాయి.

మధ్యయుగపు కట్టడాల్లో స్తంభాలను ఇంత ఎడంగా నిలపడం అసాధారణం. అవి లావుగా ఉన్నాయా అంటే అదీ కాదు. అడ్డుకొలత సుమారు 1.6 మీటర్లు. ఒక్కో స్తంభం తన చుట్టూ మోసే కప్పు విస్తీర్ణం లెక్క వేస్తే దాదాపు 127 చదరపు మీటర్లు వస్తుంది. స్తంభం నేల మీద ఆక్రమించేది సుమారు 2 చదరపు మీటర్లు. వందలో రెండు పాళ్లు కూడా లేదు. స్తంభం మీద 400 టన్నుల బరువు పడిందనుకున్నా రాతిలో నొక్కుడు చదరపు సెంటీమీటరుకు 20 కిలోలు మాత్రమే. ఇందాకటి ఇసుకరాయి ఓర్పుతో పోలిస్తే అది ఇరవయ్యో వంతు. స్తంభం సన్నగా ఉండటంలో రాయి నలిగే ముప్పు లేదు. అసలు ముప్పు ఎక్కడంటే, సన్నని స్తంభాన్ని పక్కకు తోస్తే అది ఓర్చుకోలేదు. ఒత్తిడి రేఖ 1.6 మీటర్ల మందం దాటి బయటికి పోయిందంటే అంతా పోయినట్టే. కాబట్టి స్తంభం తల మీద రెండు వైపుల తోపులు దాదాపుగా సరితూగాలి.

ఈ చర్చి ప్రతిభ అంతా ఆ తూకంలోనే ఉంది. ఉత్తర ఫ్రాన్స్ గోతిక్ కట్టడాల్లో మధ్య నడవ చాలా ఎత్తుకు లేస్తుంది, పక్క నడవలు కిందే ఉండిపోతాయి. అమియాఁ కెథడ్రల్‌లో మధ్య నడవ ఎత్తు 42 మీటర్లు. అంత ఎత్తున పుట్టే తోపును ఆపడానికి, పక్క నడవ కప్పు మీదుగా గాలిలో వంగి వచ్చే ఊతకమానులను బయటి నుంచి ఆనించారు. ఆ మార్గంలో ఇంకా పైకి పోవాలని చూసిన బోవే కెథడ్రల్ బలిపీఠ భాగపు కప్పు 1284లో కూలింది. కటలోనియా మేస్త్రీలు వేరే దారి పట్టారు. పక్క నడవలను మధ్య నడవకు చేరువగా పైకి లేపారు. దానితో మధ్య కప్పు బయటికి తోసేచోటికి కాస్త దిగువనే పక్క కప్పు లోపలికి తోస్తుంది. ఈ రెండు తోపుల్లో చాలా భాగం ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలిన తేడా పక్క నడవ దాటి వెలుపలి ఊతగోడలకు చేరుతుంది. గాలిలో తేలే ఊతకమానుల అవసరమే తప్పిపోయింది.

ఆ ఊతగోడలను కూడా వృథా పోనివ్వలేదు. బయటి గోడను ఊతగోడల వెలుపలి అంచుకు జరిపి, రెండు ఊతగోడల మధ్య చోటును లోపలికి కలుపుకున్నారు. ఒక్కో అంకణానికి ఒక పక్కన మూడేసి చిన్న ప్రార్థనామందిరాలు ఏర్పడ్డాయి. వృత్తి సంఘాలు, కుటుంబాలు వాటిని పోషించాయి. బయటి నుంచి చూసేవారికి చదునైన గంభీరమైన గోడ మాత్రమే కనిపిస్తుంది. కట్టడాన్ని నిలబెడుతున్న ఎముకలన్నీ లోపల పూజాస్థలాలుగా మారాయి. ఒకే రాయి నిర్మాణానికీ భక్తికీ ఉపయోగపడటం కన్నా పొదుపు వేరే ఉండదు.

వాతావరణం కూడా ఈ రూపానికి అనుకూలించింది. ఉత్తర యూరప్‌లో వెలుతురు తక్కువ కాబట్టి గోడలను వీలైనంత గాజుగా మార్చారు. మధ్యధరా తీరంలో ఎండ మెండు. పక్క గోడల్లో నిలువు కిటికీలు, మధ్య నడవ పైభాగంలో గుండ్రని చిన్న కిటికీలు సరిపోయాయి. ఉత్తరాన మంచు జారిపోవడానికి వాలుగా చెక్క దూలాల పైకప్పు తప్పనిసరి. బార్సిలోనాలో మంచు బెడద లేదు. అందుకే రాతి కప్పు వంపుల పైన పూడిక నింపి, దాని మీద డాబా పరిచారు. వంపుల మధ్య పల్లాల్లో బరువు మరీ పెరగకుండా ఖాళీ మట్టికుండలు పేర్చి నింపడం కటలోనియా గోతిక్ కట్టడాల్లో తరచుగా కనిపించే పద్ధతి. పూడిక పాదాల దగ్గర ఉంటే మేలు చేస్తుంది, ఒత్తిడి రేఖను రాతి మందంలోకి నెట్టి ఉంచుతుంది. అతిగా ఉంటే తోపు పెంచుతుంది. ఎక్కడ బరువు కావాలో, ఎక్కడ వద్దో వారికి స్పష్టంగా తెలుసు.

లెక్కలు రానివారి గణితం

బెరెంగేర్‌కు గానీ రమోన్‌కు గానీ బలాల సమీకరణాలు తెలియవు. వారి చేతిలో ఉన్నవి తాడు, వృత్తలేఖిని, మూలమట్టం, లంబసూత్రం, రాయి చెక్కడానికి అచ్చుపలకలు. బుర్రలో ఉన్నవి తరతరాలుగా గురువు నుంచి శిష్యుడికి అందిన నిష్పత్తులు. వెడల్పుకు ఊతగోడ ఎంత మందం ఉండాలి, స్తంభం ఎంత ఉండాలి అన్నవి నిష్పత్తులే. స్పెయిన్ వాస్తుశిల్పి రోద్రిగో హిల్ దె ఒంతన్యోన్ 16వ శతాబ్దంలో అలాంటి నియమాలను రాసి ఉంచాడు.

ఈ పద్ధతిని అశాస్త్రీయమని కొట్టిపారేయడం తొందరపాటు. రాయి నలిగే స్థితికి చాలా దూరంలో ఉన్నంతకాలం కట్టడం భద్రత దాని నిష్పత్తుల మీదే ఆధారపడుతుంది, పరిమాణం మీద కాదు. ఒక నమూనా నిలిస్తే, అదే నిష్పత్తిలో పదింతలు పెద్దది కట్టినా నిలుస్తుంది. ఉక్కు దూలానికి, చెక్క దూలానికి ఈ మాట వర్తించదు. రాతి కమానుకు వర్తిస్తుంది. కాబట్టి కొలతకు బదులు నిష్పత్తిని నమ్ముకున్న మేస్త్రీ సరైన సూత్రాన్నే పట్టుకున్నాడు. దాని వెనుక కారణాన్ని మాటల్లో పెట్టలేకపోయాడు, అంతే.

అనుమానం వచ్చినప్పుడు నలుగురినీ అడగడం కూడా వారి పద్ధతిలో భాగం. పొరుగున ఉన్న జిరోనా కెథడ్రల్‌ను మూడు నడవలుగా కాకుండా ఒకే విశాల నడవగా కట్టవచ్చా అన్న ప్రశ్న తలెత్తినప్పుడు, 1386లోను, మళ్లీ 1416లోను పలు ఊళ్ల మేస్త్రీలను పిలిపించి అభిప్రాయాలు సేకరించారు. చివరికి ఒకే నడవ ప్రతిపాదన గెలిచింది. దాదాపు 23 మీటర్ల వెడల్పుతో ఆ కప్పు నేటికీ నిలిచి ఉంది. ఒకరి పనిని మరొకరు పరీక్షించడమనే శాస్త్రీయ సంప్రదాయం రాతిపనివారి సంఘాల్లో ఆనాడే బతికి ఉందనడానికి ఇది సాక్ష్యం.

కప్పు వేసే క్రమం కూడా ఆసక్తికరమైనది. ముందు చెక్క సెంట్రింగ్ మీద మూలమూలకు రాతి పట్టీలు వంచి తెస్తారు. అవి కలిసే చోట కీలక రాయిని నిలిపి బిగిస్తారు. పట్టీలు నిలిచాక వాటి మధ్య ఖాళీలను రాతి పలకలతో నింపుతారు. సెంట్రింగ్ తీసినప్పుడు కట్టడం కాస్త సర్దుకుంటుంది. సున్నపు గచ్చు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ ఏళ్ల తరబడి నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి ఆ సర్దుబాటుకు అవకాశమిస్తుంది. సాంతా మారియా మధ్య నడవ కీలక రాళ్ల మీద మరియమాతకు మంగళవార్త, క్రీస్తు జననం, మరియమాత కిరీటధారణ, గుర్రం మీద రాజు అల్ఫోన్సో, నగర చిహ్నం చెక్కి రంగులు వేశారు. దైవం, రాజు, నగరం ఒకే వరుసలో నిలిచాయి.

రెండు పరీక్షలు

1428 ఫిబ్రవరి 2న పిరెనీస్ పర్వతాల్లో పుట్టిన పెద్ద భూకంపం కటలోనియాను కుదిపేసింది. ఆనాడు కొవ్వొత్తుల పండుగ. చర్చి ముఖభాగంలోని గుండ్రని గులాబీ కిటికీ విరిగిపడి, పూజకు వచ్చినవారిలో అనేకులు ప్రాణాలు కోల్పోయారు. కప్పు మాత్రం నిలిచింది. ఈ తేడాకు నిర్మాణ కారణాలున్నాయి. కప్పులో ప్రతి రాయినీ పక్క రాయి నొక్కి పట్టి ఉంచుతుంది. కట్టడం ఊగినా పాదాలు ఎక్కువగా విడిపోనంతవరకు ఆ నొక్కుడు కొనసాగుతుంది. గులాబీ కిటికీ అలా కాదు. ఎత్తైన పలుచని గోడలో సన్నని రాతి కడ్డీలతో అల్లిన జాలీ అది. గోడ ముందుకూ వెనక్కూ ఊగితే దాన్ని నొక్కి పట్టే బరువు లేదు. రాయి తన బలహీనమైన వైపు, అంటే తన్యతలో, పరీక్షకు గురైంది. తర్వాత 15వ శతాబ్దం మధ్యలో కొత్త గులాబీ కిటికీ అమర్చారు. నేడు కనిపించేది అదే.

రెండో పరీక్ష 1936 జూలైలో వచ్చింది. స్పెయిన్ అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో చర్చిలో రేగిన మంటలు పదకొండు రోజులు మండాయి. 18వ శతాబ్దపు బరోక్ బలిపీఠం, ఆర్గన్, ప్రతిమలు, శతాబ్దాల పత్రాలు బూడిదయ్యాయి. ఆ నష్టం పూడ్చలేనిది. మనుషుల కోపం ఏ కారణంగా రగిలినా, తరాల జ్ఞాపకం తగలబడటం బాధాకరమే. ఇసుకరాయిని వేడి రెండు విధాలుగా దెబ్బతీస్తుంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాతిలోని ఇనుప సమ్మేళనాలు నీటిని కోల్పోయి ఎర్రబారతాయి. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ స్ఫటికాల అమరిక మారి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. రేణువుల మధ్య బీటలు పుడతాయి, పైపొరలు పెచ్చులుగా ఊడతాయి.

ఇంత జరిగినా కప్పు కూలలేదు. అందుకు ఒక కారణం ఇందాక చెప్పుకున్న డాబా. 2019లో పారిస్ నోత్ర్ దామ్ కెథడ్రల్‌లో కాలింది రాతి కప్పు మీద ఉన్న చెక్క పైకప్పు. ఆ దూలాలు, శిఖరం విరిగిపడి రాతి కప్పుకు చిల్లులు పొడిచాయి. సాంతా మారియాలో రాతి కప్పు మీద కాలడానికి చెక్క పైకప్పే లేదు. వాతావరణం వల్ల, పొదుపు వల్ల ఎంచుకున్న పద్ధతి ఐదు శతాబ్దాలు దాటాక కట్టడాన్ని కాపాడింది. అలంకారాలన్నీ పోయాక స్తంభాల వరుస, కప్పు వంపు, వాటి నిష్పత్తి మళ్లీ నిరాడంబరంగా బయటపడ్డాయి.

ఈ చర్చి నేర్పేది

1966లో బ్రిటిష్ ఇంజనీరు జాక్ హేమన్ రాతి కట్టడాలకు ఒక బలమైన సిద్ధాంతాన్ని వర్తింపజేశాడు. రాయి నలగదని, కీళ్లు లాగుడును ఓర్చుకోవని, రాళ్లు జారవని అనుకుంటే, కట్టడం మందం లోపల ఇమిడే ఒత్తిడి రేఖ ఒక్కటైనా దొరికితే చాలు, అది నిలుస్తుంది. నిజంగా బలం ఏ దారిన పోతోందో కచ్చితంగా తెలియనక్కర్లేదు. మనకు ఒక దారి దొరికిందంటే కట్టడానికీ దారి దొరుకుతుంది. శతాబ్దాల మేస్త్రీల నమ్మకానికి గణితం ఇచ్చిన ఆమోదం ఇది.

దీనికి పాత కట్టడాల సంరక్షణలో నేరుగా ఉపయోగముంది. పగులు కనిపించగానే కట్టడం కూలుతుందని భయపడతాం. రాతి కమానులో పగులంటే చాలాసార్లు కట్టడం కొత్త పరిస్థితికి సర్దుకున్న గుర్తు మాత్రమే. పాదాలు కొద్దిగా జరిగితే కమాను మూడు చోట్ల కీళ్లు తెరుచుకుని నిశ్చింతగా నిలుస్తుంది. ప్రమాదమెప్పుడంటే, ఆ పగులు ఆగకుండా పెరుగుతున్నప్పుడు. అందుకే ముందు కొలవాలి, కొన్నేళ్లు గమనించాలి, ఆ తర్వాతే చెయ్యి వేయాలి. సున్నం ఉన్న చోట గట్టి సిమెంటు కూరితే అది తేమను బంధించి పక్క రాయిని పాడుచేస్తుంది. రక్షణ లేని ఇనుము గుచ్చితే తుప్పు పట్టి ఉబ్బి, అదే రాయిని పగలగొడుతుంది. బలపరచాలన్న తొందరలో ఆ కట్టడం ఏ సూత్రం మీద నిలిచిందో మరిచిపోతే మేలు చేయబోయి కీడు చేసినవారమవుతాం.

నేటి ఇంజనీరింగ్ చదువులో ఉక్కు, కాంక్రీటు లెక్కలదే పైచేయి. వాటిలో బలమంటే పదార్థపు బలం. ఎక్కడ బలం చాలకపోతే అక్కడ ఇంకాస్త ఉక్కు వేస్తాం. సాంతా మారియా మేస్త్రీలకు ఆ వెసులుబాటు లేదు. ఒకే కొండ రాయి, మనుషుల వీపులు, పేట ప్రజల చందాలు వారి వనరులు. అందుకే ప్రతి రాయీ ఎందుకు ఉండాలో ఆలోచించవలసి వచ్చింది. ఆ ఆలోచనే 13 మీటర్ల ఎడంగా సన్నని స్తంభాలను నిలిపింది, భూకంపంలో కప్పును కాచింది, పదకొండు రోజుల మంటలను దాటించింది. సిమెంటు తయారీ, ఉక్కు తయారీ భూతాపాన్ని పెంచుతున్న ఈ కాలంలో తక్కువ పదార్థంతో ఎక్కువ నిలకడ సాధించే విద్య మనకు మళ్లీ అవసరమైంది. ఆ విద్యకు ఈ చర్చి ఒక సంపూర్ణమైన పాఠం. ఇంజనీరింగ్ విద్యార్థి ఉక్కు దూలం లెక్కతో పాటు ఈ కమాను లెక్కను కూడా ఒక్కసారి తన చేతితో వేసి చూడాలి. పదార్థాన్ని పెంచే ముందు రూపాన్ని సరిదిద్దుకోవాలన్న క్రమశిక్షణ అతనికి అక్కడ అలవడుతుంది.